పాత రూగర్ 77: గ్రూపు నిలవట్లేదు, భుజం కమిలిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కేటీ_కిరణ్:
అందరికీ నమస్కారం. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన వేట మానేసి తన రైఫిల్ నాకు అమ్మారు. రూగర్ ఎం77, .30-06 తూటాది, సేఫ్టీ వెనకాల బొటనవేలి కింద ఉండే పాత రకం. వాల్‌నట్ కర్ర స్టాక్, పైన 3-9 రెట్ల స్కోపు. చూడటానికి చాలా బాగుంది, బోల్టు నున్నగా జారుతుంది.

సమస్య రేంజ్‌లో తెలిసింది. 100 గజాల దగ్గర మొదటి రెండు తూటాలు పక్కపక్కనే పడతాయి. మూడోది పైకి, నాలుగోది ఇంకా పైకి, కాస్త కుడికి. ఐదు కొట్టేసరికి గ్రూపు (తూటాలు పడిన చోట్ల మధ్య దూరం) ఐదంగుళాలు దాటిపోతోంది. స్కోపు సరిచేసి ఇంటికి వస్తే, మళ్లీ వెళ్లినప్పుడు మొదటి తూటానే వేరే చోట పడుతోంది.

రెండోది రికాయిల్, కాల్చినప్పుడు వెనక్కి వచ్చే దెబ్బ. విపరీతంగా తన్నుతోంది. ఒక డబ్బా అయ్యేసరికి భుజం నల్లగా కమిలింది. వెనక ఎర్ర రబ్బరు ప్యాడ్ ఉంది కానీ గోరు కూడా దిగనంత గట్టిపడింది. వాడుతున్నవి 180 గ్రెయిన్ (తూటా బరువు) తూటాలు. కొన్ని షాపులో కొన్నవి, కొన్ని ఆ పెద్దాయన ఇంట్లో నింపుకున్నవి, రైఫిల్‌తో పాటు ఇచ్చేశారు.

నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ మొదలు. ఇలాంటి గురితో ప్రాణమున్న జంతువు మీద ట్రిగ్గర్ నొక్కడం నాకు ఇష్టం లేదు. దేన్ని ముందు చూడమంటారు?

లానో_మూర్తి:
కిరణ్ గారూ, అన్నిటికన్నా ముందు ఆ ఇంట్లో నింపిన తూటాలు పక్కన పెట్టేయండి. ఈ రోజు నుంచే. వేరొకరు నింపిన తూటా ఎంత నమ్మకస్తుడిదైనా మన రైఫిల్‌లో పెట్టకూడదు. అదే రైఫిల్ కోసం నింపారు కదా అంటారేమో. లోపల ఏ మందు ఉందో, ఎంత ఉందో, డబ్బా మీద రాసిన చీటీ ఇప్పుడు అందులో ఉన్నవాటిదేనో కాదో మీకు తెలిసే దారి లేదు. రీలోడింగ్ చేసే వాళ్లెవరైనా తెలిస్తే తూటా ఊడదీసి, మందు పారబోసి, ఇత్తడి ఖోళ్లు వాడుకుంటారు.

ఇప్పటిదాకా కాల్చిన ఖోళ్లు ఉంటే వెలుగులో తిప్పి చూడండి. అడుగున ప్రైమర్ (పిన్ను కొట్టే చిన్న మూత) అంచులు చదునైపోయి, చుట్టూ సందు పూడిపోయి కనిపిస్తోందా? ఖోలు అడుగుకి కాస్త పైన మెరిసే గీత ఉంగరంలా చుట్టూ ఉందా? ఈ రెండింటిలో ఏది కనిపించినా కాల్చడం ఆపి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. చాంబర్‌లో తూటా కూర్చునే ఖాళీ సరిగ్గా ఉందో లేదో హెడ్‌స్పేస్ గేజ్ పెట్టి చూస్తారు, ఎక్కువసేపు పట్టే పని కాదు.

తర్వాత చెప్పండి: స్టాక్ స్క్రూలు ఎప్పుడైనా విప్పి చూశారా? బ్యారెల్ చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో ఆ పెద్దాయనని అడిగారా?

ఆస్టిన్_వంశీ:
బ్రో, ఇంత టెన్షన్ ఎందుకు? ఇప్పుడు నాలుగైదు వందల డాలర్లకి వచ్చే కొత్త రైఫిళ్లు డబ్బాలోంచి తీయగానే అంగుళం గ్రూపు ఇస్తున్నాయి. 6.5 క్రీడ్‌మూర్ తూటాది తీసుకో, రికాయిల్ గొడవే ఉండదు. పాతది ఉంచుకోవాలనుంటే మూతికి మజిల్ బ్రేక్, అంటే గ్యాసుని పక్కలకి మళ్లించే ముక్క, పెట్టించు, సగం తన్ను పోతుంది.

పాలమూరు_అన్న:
వంశీ, కొత్తది కొనుక్కోవడం తప్పేం కాదు. కానీ రోగం ఏందో తెలియకముందే మందు రాసిస్తున్నవ్. బ్రేక్ పెట్టాలంటే మూతికి మర చెక్కాలె, ఒకసారి చెక్కితే ఆ రైఫిల్ పాత రూపు పోయినట్టే. చప్పుడు కూడా పక్కలకి, వెనక్కి కొడుతుంది. రేంజ్‌లో పక్క బెంచీ వాళ్లకి నరకం, వేటలో చెవులకి ఏమీ పెట్టుకోని మనిషికి ఒక్క షాట్‌తోనే వినికిడి దెబ్బతింటుంది. అది ఆఖరి మాట, మొదటి మాట కాదు.

కిరణ్ తమ్ముడూ, నా దగ్గర అదే రైఫిల్ .270లో ఉంది, దాని గుణం చెప్తా విను. ఎం77 వచ్చింది 1968లో. డిజైన్ జిమ్ సలివాన్‌ది, స్టాక్ రూపం లెనార్డ్ బ్రౌనెల్‌ది. దానికి కింద మూడు స్క్రూలు ఉంటాయి. మిగతా రైఫిళ్లలా ముందుది నిట్టనిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. బిగిస్తే యాక్షన్‌ని (బోల్టు ఉండే ఇనుప భాగాన్ని) కిందికి మాత్రమే కాదు, వెనక్కి కూడా లాగి రికాయిల్ లగ్‌ని, అంటే దాని కింద దెబ్బని కర్రకి అందించే దిమ్మని, కర్రకి ఆనిస్తుంది. దీని గురి అంతా ఆ ఒక్క స్క్రూ మీదే నిలబడి ఉంది.

తెలియనివాళ్లు మూడింటినీ ఒకేలా బిగిస్తారు. నడిమి స్క్రూ, అంటే ట్రిగ్గర్ గార్డు ముందరిది, గట్టిగా బిగిస్తే యాక్షన్ మధ్యలో వంగినట్టయి ఒత్తిడిలో ఉంటుంది. ప్రతి షాట్‌కీ కాస్త కదులుతుంది. పద్ధతి ఇది: మూడూ వదులు చెయ్యి. రైఫిల్‌ని బట్ మీద నిలబెట్టి, యాక్షన్ వెనక్కి ఆనేలా చూసుకో. ముందు ఏటవాలు స్క్రూ బాగా గట్టిగా. 77లకి చాలామంది 90–95 ఇంచ్-పౌండ్లు అంటారు, కర్ర పాతది కాబట్టి ఒకేసారి కాకుండా మెల్లగా ఎక్కు. తర్వాత వెనకది గట్టిగా. నడిమిది ఊరికే ఆనేంత, అంతే. టార్క్ స్క్రూడ్రైవర్ కొనుక్కో, గాడికి సరిగ్గా పట్టే బిట్ వాడు. లేకపోతే స్క్రూ తలలు చెడిపోతాయి.

విప్పినప్పుడు ఇంకొకటి చూడు. లోపల మ్యాగజైన్ డబ్బా పైన యాక్షన్‌కీ కింద ప్లేటుకీ మధ్య బిగుసుకుపోయి ఉండకూడదు. వేలితో కదిపితే కొంచెం ఆడాలె. అది బిగుసుకుంటే నువ్వు స్క్రూ ఎంత తిప్పినా యాక్షన్ కర్ర మీద కూర్చోదు.

పాత మోడల్‌లో ట్రిగ్గర్ సర్దుబాటు చేసుకునేలా ఉంటుంది. ముందరి యజమాని తేలిక చేసుకున్నాడేమో చూడాలె. చాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ అని కళ్లతో, వేలితో చూసుకున్నాక బోల్టు మూసి, బట్‌ని రబ్బరు మ్యాటు మీద తట్టు. లోపలి ఫైరింగ్ పిన్ను పడకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగు, వదిలెయ్, సేఫ్టీ తీయ్. అప్పుడూ పడకూడదు. పడితే రేంజ్ సంగతి మర్చిపోయి నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి పో.

కేటీ_కిరణ్:
అన్నా, మూర్తి గారూ, చాలా థాంక్స్. రాత్రి విప్పి చూశాను.

ట్రిగ్గర్ పరీక్షలు రెండూ సరిగానే ఉన్నాయి, పిన్ను పడలేదు. ప్రైమర్లు గుండ్రంగానే ఉన్నాయి, మెరుపు గీత లేదు. ఇంట్లో నింపినవి వేరే డబ్బాలో పెట్టి మీద ఎర్ర టేపు అంటించాను.

స్క్రూలు మాత్రం అన్న చెప్పినట్టే ఉన్నాయి. నడిమిది కదలనంత బిగువు. ముందు ఏటవాలుది చేత్తోనే తిరిగింది. యాక్షన్ బయటికి తీస్తే రికాయిల్ లగ్ వెనక కర్ర మీద ఒక చోట నల్లగా మెరుస్తోంది, మిగతా చోట అసలు తగిలిన గుర్తే లేదు. మ్యాగజైన్ డబ్బా ఆడుతోంది.

బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య డాలర్ నోటు పెట్టి లాగాను. చాంబర్ వైపు నుంచి సులువుగా వచ్చి ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) కొసకి రెండంగుళాల దూరంలో ఆగిపోయింది. అక్కడ కర్ర బ్యారెల్‌ని గట్టిగా పట్టుకుని ఉంది, కుడివైపు కంటే ఎడమవైపు ఎక్కువ. ఆ భాగం గీసేయమంటారా?

లానో_మూర్తి:
గీయొద్దు. ఇప్పుడే వద్దు.

ఆ కాలపు స్పోర్టర్ రైఫిళ్లలో చాలావాటికి ఫోరెండ్ కొసన కర్ర బ్యారెల్‌ని కింది నుంచి ఒత్తేలా కావాలనే ఉంచేవారు. సన్నటి బ్యారెల్ అదిరేటప్పుడు ఆ ఒత్తిడి దాన్ని నిలకడగా ఉంచుతుంది. కొన్ని రైఫిళ్లు దాంతోనే బాగా కొడతాయి, తీసేస్తే పాడవుతాయి. ఇబ్బంది ఎక్కడంటే ఒత్తిడి సమానంగా లేనప్పుడు. హ్యూస్టన్ గాలిలో తేమకి వాల్‌నట్ కర్ర వానాకాలం తలుపులా ఉబ్బుతుంది. ఒక పక్క ఎక్కువ ఉబ్బితే బ్యారెల్‌ని అవతలి పక్కకి నెడుతుంది. మీకు ఎడమవైపు ఒత్తుతోంది, తూటాలు కుడికి పోతున్నాయి. బ్యారెల్ వేడెక్కేకొద్దీ ఆ ఒత్తిడి మారుతుంది, అందుకే ఒకదాని మీద ఒకటి పైకి ఎక్కుతున్నాయి. ఒకరోజు గాలి పొడిగా, ఇంకోరోజు తడిగా ఉంటే మొదటి తూటా చోటు మారడం కూడా అందుకే కావచ్చు.

గీసింది మళ్లీ పెట్టలేం కాబట్టి ముందు పరీక్ష చేయండి. స్క్రూలు వదులు చేసి, యాక్షన్ కింద రికాయిల్ లగ్ దగ్గర పాత క్రెడిట్ కార్డు ముక్క ఒకటి పెట్టి బిగిస్తే బ్యారెల్ కాస్త పైకి లేస్తుంది, నోటు చివరిదాకా జారుతుంది. ఇది పరీక్షకే, వేటకి కాదు. అలా కాల్చి చూడండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. పైకి ఎక్కడం ఆగితే దొంగ దొరికినట్టే. అప్పుడు ఫోరెండ్ గీసుకుని, తేమ ఎక్కకుండా ఆ పచ్చి కర్రకి వార్నిష్ పూయాలి. గీసి అలాగే వదిలేస్తే మళ్లీ ఉబ్బుతుంది.

కానీ కాల్చేముందు బ్యారెల్ శుభ్రం చేయాలి. నల్లటి మందు మసి పోగానే శుభ్రమైపోయిందనుకోకండి, దాని కింద రాగి ఉంటుంది. తూటా పైపొర రాగి మిశ్రమం, ఏళ్ల తరబడి బ్యారెల్ లోపలి గాడుల్లో పూతలా పేరుకుపోతుంది. రాగి తీసే సాల్వెంట్ వేసి, సీసా మీద రాసినంతసేపే ఉంచి గుడ్డ ప్యాచ్ తోయండి. గుడ్డ నీలిరంగులోకి వస్తే రాగి ఉన్నట్టు. నీలం పోయేదాకా చేయాలి. గుడ్డని రాడ్ కొసకి పట్టే జాగ్ ఇత్తడిదైతే అదే నీలం ఇస్తుంది, మోసపోతారు. నైలాన్‌ది తీసుకోండి. రాడ్ ఎప్పుడూ వెనక చాంబర్ వైపు నుంచే, రాడ్‌ని మధ్యలో నిలిపే బోర్ గైడ్ పెట్టుకుని. మూతి వైపు నుంచి తోస్తే రాడ్ రాసుకుని మూతి అంచు అరుగుతుంది. తూటా ఆఖరుగా వదిలే చోటు అదే, అక్కడ దెబ్బ ఉంటే మిగతా బ్యారెల్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. భూతద్దం పెట్టి ఆ అంచు చుట్టూ చూడండి. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్ల తిప్పితే నొక్కు ఉన్న చోట దూది పట్టుకుంటుంది.

బెజవాడ_బాబాయ్:
నేను విజయవాడ నుంచి. మా తాతగారి .315 ఇషాపూర్ రైఫిల్ లైసెన్సుతో ఇంట్లో ఉంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మాట లేదు కదా, ఏడాదికోసారి నూనె రాయడమే. మూర్తి గారు కర్ర ఉబ్బడం గురించి రాసింది చదివాక వెళ్లి చూస్తే మా దాని ఫోరెండ్ కూడా ఒక పక్కకి ఒరిగి ఉంది. కృష్ణా తీరం గాలి మరి. వాల్‌నట్‌కి లిన్సీడ్ నూనె రాస్తే ఆగుతుందా?

లానో_మూర్తి:
బాబాయ్ గారూ, లిన్సీడ్ నూనె అందాన్నిస్తుంది, తేమని మాత్రం నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. లోపలి భాగానికి పాలీయూరిథేన్ లాంటిది పలచగా పూయిస్తే మేలు. మందంగా పూస్తే అదే బ్యారెల్‌కి తగులుతుంది.

కేటీ_కిరణ్:
ప్యాచ్‌లు నెమలి కంఠం రంగులో వచ్చాయి! తెల్లగా రావడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మూతి అంచు బాగుంది, దూది ఎక్కడా పట్టుకోలేదు.

స్క్రూలు అన్న చెప్పిన వరసలో బిగించి, కార్డు ముక్క పెట్టి, షాపులో కొన్న తూటాలే ఒక్క రకం తీసుకుని వెళ్లాను. పైకి ఎక్కడం ఆగిపోయింది. వేడెక్కినా అక్కడక్కడే ఉంటున్నాయి. ఐదింటిలో మూడు రెండంగుళాల లోపు. కానీ మిగతా రెండు కింద ఎక్కడో, నాలుగంగుళాల దూరంలో. ఒక్కోసారి ఎడమ, ఒక్కోసారి కుడి. ఏ షాట్ పోతుందో ముందు తెలియట్లేదు.

స్కోపు అనుమానమా? రింగులు బిగువుగానే ఉన్నాయి. రూగర్‌కి బేస్‌లు ఉండవు కాబట్టి రింగు నేరుగా యాక్షన్ గాడిలోనే కూర్చుంది.

పాలమూరు_అన్న:
స్కోపు సంగతి ఒక్కటే దారిలో తేలుతుంది: నమ్మకమైన వేరే స్కోపు పెట్టి కాల్చడం. నాది కేటీ దాకా తెస్త, శనివారం కలుద్దాం. లోపల క్రాస్‌హెయిర్ పట్టే భాగం అరిగిన పాత స్కోపు రికాయిల్‌కి ఇటూ అటూ మారుతుంటుంది, అప్పుడు సాధారణంగా రెండు వేర్వేరు గుంపులు పడతాయి. నీవి కిందికి, ఒక్కోసారి ఎడమకి, ఒక్కోసారి కుడికి పోతున్నాయి కాబట్టి నా అనుమానం వేరే.

ఫోరెండ్ ముందు పట్టీ తగిలించే స్టడ్ ఉంటుంది చూడు, అది ఇసుక సంచికి తగులుతోందేమో కూడా చూసుకో. వెనక్కి తన్నినప్పుడు సంచి అంచుకి కొట్టుకుంటే ముక్కు ఎగురుతుంది. సంచి ఫోరెండ్ కింద ఉండాలె, బ్యారెల్ కింద ఎప్పుడూ కాదు.

సుజాత_టెన్‌మీటర్:
నేను హైదరాబాద్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ చేస్తాను. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన విభాగం. మాది వేట కాదు, రికాయిల్ కూడా దాదాపు లేదు. అయినా ఇక్కడ చెప్పాల్సింది ఒకటి కనిపించింది కాబట్టి రాస్తున్నాను.

కిరణ్ గారూ, మూడు దగ్గరగా, రెండు కిందకి. ఏది పోతుందో ముందు తెలియదు. పైగా భుజం కమిలి ఉంది. ఇది మెషీన్ లక్షణం కంటే శరీరం లక్షణంలా ఉంది. దెబ్బ తగులుతుందని తెలిసిన శరీరం ట్రిగ్గర్ తెగే క్షణానికి ముందే సిద్ధపడుతుంది. భుజం ముందుకి తోస్తుంది, కళ్లు మూసుకుంటాయి, వేలు లాగుతుంది. పేలుడు చప్పుడులో అది మీకు కనిపించదు.

కనిపెట్టడానికి మా దగ్గర అందరూ చేసేదే: ఇంకొకరు మీ వెనక నుంచి లోడ్ చేయాలి. ఒకసారి అసలు తూటా, ఒకసారి డమ్మీ, మీకు చెప్పకుండా. డమ్మీ పడినప్పుడు క్రాస్‌హెయిర్ కదలకుండా ఉందా, కిందకి దూకిందా అన్నది మీకూ పక్కవాళ్లకూ స్పష్టంగా తెలుస్తుంది. దూకితే సిగ్గుపడాల్సిన పనేం లేదు, ప్రతి షూటర్‌కీ ఏదో ఒక దశలో వస్తుంది.

తగ్గే దారి కూడా అదే. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడ మీద చుక్క చూస్తూ ట్రిగ్గర్ మెల్లగా నొక్కే సాధన. .22 రైఫిల్ దొరికితే దాంతో. పెద్ద రైఫిల్ మాత్రం అలసిపోయేదాకా కాల్చొద్దు. నొప్పి మొదలయ్యాక కొట్టే ప్రతి షాట్ శరీరానికి భయాన్నే నేర్పుతుంది.

పాలమూరు_అన్న:
అక్కా, నేను అనుకున్న అనుమానం అదే, నాకన్నా బాగా చెప్పారు.

ఇక ఆ దెబ్బ తగ్గించే సంగతి. ఎనిమిది పౌండ్ల .30-06లో 180 గ్రెయిన్ తూటా సుమారు 20 అడుగు-పౌండ్ల రికాయిల్ ఇస్తుంది. రెమింగ్టన్ మేనేజ్డ్ రికాయిల్, హోర్నడీ కస్టమ్ లైట్ లాంటి 125 గ్రెయిన్ తక్కువ మందు తూటాలు దాన్ని దాదాపు సగానికి తెస్తాయి. సాధనకి అవి చాలు, దగ్గర దూరంలో జింకకి కూడా చాలు. వైట్‌టెయిల్ జింకకి 150 గ్రెయిన్ కావలసినంత ఎక్కువ, 180 ఎల్క్ లాంటి పెద్ద జంతువు కోసం ఉంచు. బరువు ఒక పౌండ్ పెరిగితే పదో వంతు రికాయిల్ తగ్గుతుంది, కానీ మోసేది నువ్వే కాబట్టి ఆలోచించుకో.

గోరు దిగని ప్యాడ్ అంటే అది ప్యాడ్ కాదు, రాయి. పాక్‌మేర్ డిసెలరేటర్ గానీ లింబ్‌సేవర్ గానీ గ్రైండ్ చేసి వేయించు. అక్కడే లెంగ్త్ ఆఫ్ పుల్ కూడా చూసుకో. బట్ నుంచి ట్రిగ్గర్ దాకా మామూలుగా పదమూడున్నర అంగుళాలు దాటి ఉంటుంది. మన చేతులకి, చలికాలం మందపు కోటు మీద, అది పొడవైతే బట్ భుజం గుంటలో కాకుండా చేతి ఎముక మీద కూర్చుంటుంది. నల్లగా కమిలేది అక్కడే.

బెంచీ మీద ముందుకి వంగి కూర్చుంటే దెబ్బ అంతా భుజమే తినాలె. సంచుల ఎత్తు పెంచి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చో. రైఫిల్‌తో పాటు శరీరం వెనక్కి ఊగుతుంది. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టు. సగం భయం చప్పుడుదే.

ఆస్టిన్_వంశీ:
అన్నా, ఒప్పుకుంటున్నా. బ్రేక్ మాట ఇంకొకరికి చెప్పేముందు ఈ లిస్టు పంపిస్తా.

ఫ్రిస్కో_నవీన్:
మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఒక ఫ్రెండ్ రేంజ్‌కి రమ్మంటున్నాడు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకోకూడదని కొందరు, పర్వాలేదని కొందరు అంటున్నారు.

లానో_మూర్తి:
నవీన్ గారూ, ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు కలిగి ఉండకూడదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, అందులో ఒకటి చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ అడ్డు లేదు. మీ ఇమ్మిగ్రేషన్ ఫైలు పణంగా పెట్టేది కాబట్టి లాయర్‌ని అడిగి, లైసెన్సు చేతిలో పట్టుకున్నాకే వెళ్లండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు వేటకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

కేటీ_కిరణ్:
శనివారం సంగతి. అన్న స్కోపు పెట్టినా కింద పడేవి అలాగే పడ్డాయి. అంటే నా స్కోపు తప్పు కాదు. తర్వాత అన్న వెనక నుంచి లోడ్ చేశారు. మూడోది డమ్మీ. క్లిక్ మనగానే క్రాస్‌హెయిర్ టార్గెట్ కాగితం దాటి కింద మట్టిలోకి వెళ్లిపోయింది, అన్న ఫోన్‌లో వీడియో తీశారు. ఇంత స్పష్టంగా కనిపిస్తుందనుకోలేదు.

ఆ తర్వాతి వారాలు సుజాత గారు చెప్పిన సాధనే. కొత్త ప్యాడ్ వేయించాను, స్టాక్ అర అంగుళం కురచ చేశారు. రికాయిల్ లగ్ దగ్గర గన్‌స్మిత్ ఎపాక్సీ బెడ్డింగ్ పోశారు (యాక్షన్ కర్ర మీద సందు లేకుండా కూర్చునేలా), ఏటవాలు స్క్రూ రంధ్రం పూడకుండా మైనం పెట్టి మరీ జాగ్రత్తగా చేశారు. ఫోరెండ్ గీసి వార్నిష్ వేశారు, ఇప్పుడు నోటు చివరిదాకా జారుతోంది. కార్డు ముక్క తీసేశాం.

నిన్న 150 గ్రెయిన్‌తో, చల్లటి బ్యారెల్‌తో, ఐదు షాట్ల గ్రూపు అంగుళంన్నర. భుజం ఎర్రబడను కూడా లేదు. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిదంగుళాలు ఉంటుందంటారు కాబట్టి ఇది నాకు చాలు. పెద్దాయనకి టార్గెట్ కాగితం చూపిస్తే చాలాసేపు పట్టుకుని చూశారు. నింపిన తూటాలు మాత్రం తిరిగిచ్చేశాను, ఏమీ అనుకోలేదు.

టెక్సాస్‌లోని లానోలో వేటకి స్థలం లీజుకి దొరికింది. స్కోపు సున్నా, అంటే గురి పెట్టిన చోటే తూటా పడే దూరం, ఎక్కడ పెట్టమంటారు, 100 గజాలకా 200కా?

లానో_మూర్తి:
150 గ్రెయిన్‌కి 100 దగ్గర రెండంగుళాలు పైకి పెడితే 200 దగ్గర ఇంచుమించు గురి మీదే ఉంటుంది. అక్కడ మీకు దొరికే షాట్లలో చాలావరకు 150 లోపే. అయినా 200 దగ్గర నిజంగా కాల్చి చూసుకున్నాకే నమ్మండి. లానో గాలి కేటీ కంటే పొడిగా ఉంటుంది, దారి కూడా దూరం. లీజుకి చేరాక ముందు రోజు సాయంత్రం స్క్రూలు టార్క్ చూసుకుని, రెండు తూటాలు కాగితం మీద వేసి నిద్రపోండి. శుక్రవారం నేను అక్కడే ఉంటాను, ఇసుక సంచులు నా దగ్గరున్నాయి, మోసుకురాకండి.